ప్రైమర్లు దొరకని రోజుల్లో పిస్టల్ మ్యాచ్‌లకు తూటాలు సమకూర్చుకోవడం ఎలా

"అన్నా, స్మాల్ పిస్టల్ ప్రైమర్లు ఎక్కడైనా కనిపించాయా?" 2021లో అమెరికాలో ఏ పిస్టల్ మ్యాచ్‌కి వెళ్లినా స్కోర్ల కన్నా ముందు వినిపించిన ప్రశ్న ఇదే. ప్రైమర్ అంటే తూటా అడుగున కూర్చుని, దెబ్బ తగలగానే పేలి లోపలి పౌడర్‌ని అంటించే చిన్న లోహపు గిన్నె. 2008 ఎన్నికల తర్వాత ఒకసారి, 2012 చివర్లో శాండీ హుక్ స్కూల్ కాల్పుల ఘటన తర్వాత మరోసారి ఇలాంటి కొరత వచ్చింది. కోవిడ్ కాలంలో వచ్చింది వాటన్నిటికన్నా పెద్దది. ఒక్క 2020లోనే 80 లక్షల మందికి పైగా తొలిసారి తుపాకీ కొన్నారని అక్కడి పరిశ్రమ సంఘం అంచనా. అదే ఏడాది రెమింగ్టన్ దివాలా తీసింది. అంతకుముందు వెయ్యికి 30, 35 డాలర్లకు దొరికిన ప్రైమర్లు చేతులు మారుతూ వంద డాలర్లు దాటిపోయాయి. ఆ గొడవ సర్దుకునే లోపే 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఫిరంగి గుండ్ల కోసం, పౌడర్ తయారీకి ముడిసరుకైన నైట్రోసెల్యులోజ్‌కు గిరాకీ పెరిగి, ఈసారి దెబ్బ పౌడర్ మీద పడింది.

అంటే కొరత కొన్నేళ్లకోసారి వస్తూనే ఉంది, ఇంకోసారి వస్తుంది. యూఎస్‌పీఎస్‌ఏ, ఐడీపీఏ లాంటి పిస్టల్ పోటీ సంఘాల మ్యాచ్‌లు ఆడుతూ తమ తూటాలు తామే లోడ్ చేసుకునేవాళ్ల కోసం, చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అంతా అమెరికా సంగతే. ఇండియాలో ఆయుధ చట్టం పూర్తిగా వేరు, ఇక్కడ చెప్పేవి అక్కడ వర్తించవు.

కొనే ముందు మీ వీసా సంగతి చూసుకోండి

మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇది, అందుకే మొదట పెడుతున్నాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మందుగుండు అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు (తూటా గొట్టం), ప్రైమర్, బుల్లెట్ (బయటికి దూసుకెళ్లే ముక్క), పౌడర్ వేటికవే మందుగుండు కిందకి వస్తాయి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లకి తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోవడం నిషేధం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. ఎక్కువమందికి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్స్. అది లేకుండా ప్రైమర్ డబ్బా ఒకటి గ్యారేజ్‌లో ఉన్నా నేరమే, దాని ప్రభావం గ్రీన్‌కార్డ్ మీద కూడా పడుతుంది. "గన్ ఫ్రెండ్ పేరు మీదే ఉంది కదా, నేను లోడింగ్ మాత్రమే చేస్తాను" అనుకుంటే కుదరదు. లైసెన్స్ ఉన్నా సరే, ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడాకే ముందుకెళ్లండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి, పౌరులకి ఈ నిషేధం లేదు.

తర్వాత రాష్ట్రం. ఇల్లినాయ్‌లో ఫోయిడ్ కార్డ్ (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) కావాలి. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో ఎవరి రూల్స్ వాళ్లవి. టెక్సస్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పిన పద్ధతి న్యూజెర్సీ ఎడిసన్‌లో పనిచేయదు. ఇంకో మాట: సొంత వాడకానికి లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, లోడ్ చేసినవి అమ్మాలంటే మాత్రం తయారీ లైసెన్స్ ఉండాలి. కొరత రోజుల్లో "ఓ రెండొందలు నాకూ చేసివ్వు, డబ్బులిస్తా" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. వద్దని చెప్పేయండి.

మీకు ఏడాదికి ఎంత కావాలో కాగితం మీద రాయండి

కొరతలో డబ్బు ఎక్కువ పోగొట్టుకునేది లెక్క లేనివాళ్లు. ఎంత కావాలో తెలియక, కనిపించిందల్లా కనిపించిన రేటుకి కొనేస్తారు.

యూఎస్‌పీఎస్‌ఏ క్లబ్ మ్యాచ్‌లో ఐదారు స్టేజీలుంటాయి, పెద్ద స్టేజీకి గరిష్ఠంగా 32 రౌండ్లు. మిస్‌లు, వాటికి బదులు మళ్లీ కాల్చే మేకప్ షాట్లు కలుపుకుంటే ఒక మ్యాచ్‌కి 150 నుంచి 200 వేసుకోండి. నెలకి రెండు మ్యాచ్‌లైతే ఏడాదికి నాలుగైదు వేలు. ప్రాక్టీస్‌కి ఇంకో ఐదు వేలనుకుంటే మొత్తం పది వేలు. సీరియస్‌గా ఆడేవాళ్లకి ఇంతకన్నా ఎక్కువే కావాలి, నెలకో మ్యాచ్ ఆడేవాళ్లకి ఇందులో సగం కూడా అక్కర్లేదు.

పది వేల తూటాలకి పది వేల ప్రైమర్లు. అక్కడ తగ్గించుకునే దారి లేదు, తూటాకి ఒకటి కావాల్సిందే. పౌడర్ అలా కాదు. ఒక పౌండులో 7,000 గ్రెయిన్లు ఉంటాయి. లెక్క కోసం తూటాకి 4 గ్రెయిన్లు అనుకుంటే పౌండుకి 1,750 తూటాలు, పది వేలకి ఆరు పౌండ్ల లోపే సరిపోతుంది. అసలు ఎంత వెయ్యాలన్నది మీ బుల్లెట్‌ని, పౌడర్‌ని బట్టి తయారీదారు ప్రచురించిన డేటా చూసి మాత్రమే తేల్చుకోవాలి.

ఈ అంకెల పక్కనే ఇంకో అంకె రాసుకోండి. అమెరికాలో ఎక్కువ చోట్ల పాటించే అగ్నిప్రమాద నివారణ నియమాల ప్రకారం ఇంట్లో 10,000 ప్రైమర్లు, అసలు డబ్బాల్లోనే ఉన్న 20 పౌండ్ల పౌడర్ వరకు ఉంచుకోవచ్చు. 20 దాటితే కనీసం ఒక అంగుళం మందమున్న చెక్కపెట్టె ఉండాలి. మీ ఊరి రూల్ ఇంకా గట్టిగా ఉండొచ్చు, అపార్ట్‌మెంట్ లీజులో అసలు వద్దనే ఉండొచ్చు, చూసుకోండి. చాలామందికి ఏడాది అవసరం ఈ పరిమితిలోనే ఇమిడిపోతుంది. ఒక ఏడాది సరుకు ఇంట్లో ఉంటే కొరత మొదలైన మొదటి ఆరు నెలల్లో, అంటే ధరలు పిచ్చెక్కిపోయే సమయంలో, మీరు మార్కెట్‌లోకే వెళ్లనక్కర్లేదు. అంతకు మించి పోగేసుకుంటే పక్కనున్న షూటర్‌కి దొరక్కుండా పోతుంది.

వెతుకులాట ప్రైమర్‌తో మొదలుపెట్టండి

తూటాలోని నాలుగు భాగాల్లో కేసు నేల మీద ఏరుకోవచ్చు. బుల్లెట్లు చిన్న చిన్న కంపెనీలు కూడా పోస్తాయి. పౌడర్ ఒక రకం లేకపోతే ఇంకో రకం ఉంటుంది. ప్రైమర్‌కి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. అమెరికాలో పెద్ద ఎత్తున తయారుచేసేవి నాలుగు పేర్లే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. ఇవన్నీ తూటాలు కూడా తయారుచేసే సంస్థలే. గిరాకీ పెరిగినప్పుడు ప్రైమర్లు ముందు వాళ్ల తూటాల్లోకి పోతాయి, మిగిలినవే విడిగా మన దాకా వస్తాయి. షెల్ఫ్ మీద తూటాలు కనిపించడం మొదలైన చాలా నెలలకి గానీ ప్రైమర్లు కనిపించకపోవడానికి కారణం ఇదే.

అందుకే దిగుమతి పేర్లు కూడా తెలిసుండాలి. చెక్ దేశపు సెల్లియర్ అండ్ బెల్లో, ఇటలీ ఫియోకీ, బోస్నియా గినెక్స్, బ్రెజిల్ మ్యాగ్‌టెక్. రష్యా ప్రైమర్లు ఒకప్పుడు చవగ్గా వచ్చేవి, 2021 సెప్టెంబర్ నుంచి రష్యా మందుగుండు కొత్త దిగుమతులకు అమెరికా అనుమతులివ్వడం ఆపేసింది. మీకు అలవాటైన బ్రాండ్ కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటే సీజన్ అయిపోతుంది.

ఎక్కడ వెతకాలి అంటే, నా ఓటు మొదట దగ్గర్లో ఉన్న చిన్న గన్ షాపుకి. పెద్ద స్టోర్లలో సరుకు వచ్చే రోజు తెలుసుకుని తలుపు తీసే టైమ్‌కి వెళ్తే ఒకటో రెండో పెట్టెలు దొరుకుతాయి. మనిషికి ఇన్నే అని పరిమితి కూడా పెడతారు. చిన్న షాపులో కథ వేరు. మామూలు రోజుల్లో వాళ్ల దగ్గర నాలుగు డాలర్లు ఎక్కువైనా కొన్నవాళ్ల మొహాలు వాళ్లకి గుర్తుంటాయి. వచ్చిన సరుకు కౌంటర్ కిందకి వెళ్లి, ముందు ఆ పాత కస్టమర్లకే ఫోన్ వెళ్తుంది. ఆ ఫోన్ మీకు రావాలంటే ఆ పరిచయం కొరత లేనప్పుడే పెంచుకోవాలి.

ఆన్‌లైన్‌లో మిడ్‌వే, బ్రౌనెల్స్, పౌడర్ వ్యాలీ, గ్రాఫ్ అండ్ సన్స్, మిడ్‌సౌత్, నాచెజ్ లాంటి పాత సంస్థలున్నాయి. ప్రతి దాంట్లో ముందే అకౌంట్ తెరిచి, అడ్రస్, కార్డ్ వివరాలు పెట్టుకుని, కావాల్సిన సరుకు పేజీలో స్టాక్ అలర్ట్ పెట్టుకోండి. అలర్ట్ వచ్చాక అకౌంట్ తెరుద్దామనుకుంటే అప్పటికే అయిపోతుంది. అమ్మోసీక్ అనే సైట్ వేర్వేరు దుకాణాల స్టాక్‌ని, రేట్లని ఒకచోట చూపిస్తుంది, ప్రైమర్లతో సహా.

ఆన్‌లైన్ ఆర్డర్‌లో అసలు బరువు హాజ్‌మ్యాట్ రుసుము. ప్రైమర్లకి, పౌడర్‌కి ప్రమాదకర సరుకు కింద పార్సెల్‌కి ఇంత అని వేస్తారు, దుకాణాన్ని బట్టి 20 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటుంది. వెయ్యి ప్రైమర్లు తెప్పించినా, ఐదు వేలు, దానితో పాటు నాలుగు పౌండ్ల పౌడర్ తెప్పించినా, ఒకే పార్సెల్‌లో పడితే రుసుము ఒకటే. కాబట్టి ప్రైమర్లు, పౌడర్ ఒకే దుకాణం నుంచి ఒకేసారి తీసుకోండి. ఇంకా మేలైన దారి క్లబ్‌లో నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెట్టడం. ఒకరి పేరు మీద తెప్పించి, అదే రాష్ట్రంలో ఉన్న మిగతా ముగ్గురూ అసలు ధరకే పంచుకోవాలి. అందరూ చట్టప్రకారం ఉంచుకోగలిగినవాళ్లే అయి ఉండాలి. మీద లాభం వేసుకుంటే అది వ్యాపారం కిందకి పోతుంది, ఆ జోలికి పోవద్దు. డెలివరీకి పెద్దవాళ్ల సంతకం కావాలి, ఇంట్లో ఎవరూ లేకపోతే పార్సెల్ వెనక్కి పోతుంది.

మోసాలు

2020, 21ల్లో దొంగ వెబ్‌సైట్లు కుప్పలుగా పుట్టాయి. ఫోటోలు అసలువే, లోగో అసలుదే, ఎక్కడా లేని స్టాక్ వాళ్ల దగ్గర మాత్రం ఉంటుంది, ధర మాత్రం కొరతకి ముందున్నది. చెల్లింపు దగ్గరికి వచ్చేసరికి జెల్, క్యాష్ యాప్ లాంటి డబ్బు బదిలీ యాప్‌లు, క్రిప్టో అంటారు. అక్కడే ఆగిపోండి. నిజమైన దుకాణం క్రెడిట్ కార్డ్ తీసుకుంటుంది.

ఇంకో గుర్తు: ఎవరో వ్యక్తి "పోస్ట్‌లో పంపిస్తా" అంటే అది మోసమైనా అయి ఉండాలి, చట్ట ఉల్లంఘనైనా అయి ఉండాలి. అమెరికా తపాలా శాఖ ప్రైమర్లనీ పౌడర్‌నీ తీసుకోదు. యూపీఎస్, ఫెడెక్స్ కూడా ఒప్పందం ఉన్న సంస్థల దగ్గరే తీసుకుంటాయి. వ్యక్తి నుంచి కొంటే ముఖాముఖి మాత్రమే, అదీ రేంజ్ లాంటి చోట, మీ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటేనే.

అలా కొనేటప్పుడు పెట్టె తెరిచి చూడండి. వెయ్యి ప్రైమర్ల పెట్టెలో వందేసి చొప్పున పది చిన్న అట్టపెట్టెలుంటాయి. ఒక్కో దాంట్లో ట్రే లాగితే వంద చిన్న లోహపు గిన్నెలు వేటి గూట్లో అవి కూర్చుని ఉంటాయి. గిన్నె లోపల ఆన్విల్ అనే చిన్న లోహపు ముక్క కనిపించాలి. పెట్టె మీదా, లోపలి అట్టపెట్టెల మీదా లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవాటికి ఇచ్చే నంబర్) ఒకటేనా చూడండి. వేర్వేరుగా ఉంటే ఎవరో కలిపి నింపారన్నమాట. తుప్పు, పచ్చదనం, తడి ఆరిన మరక ఉంటే వద్దు. ట్రేలోంచి తీసి సీసాలో పోసిన ప్రైమర్లు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఒకటి పేలితే పక్కవి పేలకూడదనే వాటిని ఆ గూళ్లలో విడివిడిగా పెడతారు. సీసాలో పోసినవి చిన్న బాంబుతో సమానం. సీలు తీసిన పౌడర్ డబ్బా కూడా అంతే. లోపల ఏముందో లేబుల్ చెబుతుంది గానీ, అందులో ఏం పోశారో మీకు తెలియదు.

దొరికింది మీ గన్‌కి సరిపడేలా చేసుకోవడం

కొరతలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ప్రైమర్ బ్రాండ్ మారితే రెండు విషయాలు మారతాయి. ఒకటి గట్టిదనం. ఫెడరల్ ప్రైమర్ మెత్తగా ఉంటుంది, సీసీఐ దానికన్నా గట్టిది. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని స్ప్రింగ్‌లు తగ్గించిన మ్యాచ్ గన్‌లు చాలావరకు ఫెడరల్‌కే ట్యూన్ చేసి ఉంటాయి. వాటిలో గట్టి ప్రైమర్ పెడితే స్టేజ్ మధ్యలో క్లిక్‌మని ఊరుకుంటుంది. బజర్ మోగాక అంతకన్నా టెన్షన్ ఇంకోటి ఉండదు. కొరత కాలానికి కొంచెం బరువైన హ్యామర్ స్ప్రింగ్ ఒకటి కొని పెట్టుకోండి. అది కొన్ని డాలర్ల సరుకు, దానితో మార్కెట్‌లో ఉన్న ప్రతి బ్రాండూ మీకు పనికొస్తుంది. ఈ మొత్తం గైడ్‌లో అతి చవకైన ఉపాయం అదే అనుకుంటాను.

రెండోది ఒత్తిడి. బ్రాండ్ మారినా, మామూలు ప్రైమర్ బదులు మ్యాగ్నమ్ (మంట ఎక్కువగా ఉండే రకం) దొరికినా, పాత పౌడర్ మోతాదుని యథాతథంగా వాడకండి. ప్రచురించిన డేటాలో స్టార్టింగ్ లోడ్‌కి, అంటే మొదలుపెట్టమని చెప్పే తక్కువ మోతాదుకి దిగి, కొద్దికొద్దిగా పైకి రండి. స్మాల్ రైఫిల్ ప్రైమర్ కొలతల్లో స్మాల్ పిస్టల్ గూట్లో పడుతుంది, కానీ గట్టిది, వేడి ఎక్కువది. గన్‌లో మార్పులకు ఎక్కువ స్వేచ్ఛ ఉన్న ఓపెన్ డివిజన్ వాళ్లు కొందరు తెలిసే వాడతారు, కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. లార్జ్ రైఫిల్ ప్రైమర్ లార్జ్ పిస్టల్ కన్నా ఎత్తు ఎక్కువ. కేసు నుంచి బయటికి పొడుచుకు వస్తుంది, కాబట్టి అసలు వాడకూడదు.

.45 క్యాలిబర్ పిస్టల్ వాడేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. .45 ఏసీపీ కేసులు మామూలుగా లార్జ్ ప్రైమర్‌వే అయినా, కొన్ని కంపెనీలవి స్మాల్ ప్రైమర్‌తో వస్తాయి. చాలామంది వాటిని తిట్టుకుంటూ పారేస్తారు. లార్జ్ ప్రైమర్లు మాయమైనప్పుడు వాటితోనే మ్యాచ్ నడుస్తుంది. విడిగా ఒక బకెట్‌లో దాచుకోండి.

పౌడర్ విషయంలో పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని డేటా ఇంకోదానికి వాడకూడదు. హెచ్‌పీ-38, వించెస్టర్ 231 రెండూ ఒకే పౌడర్, రెండు పేర్లతో అమ్ముతారు. ఇలాంటివి అరుదు, దీన్ని చూసి మిగతావి ఊహించుకోవద్దు. మీ బుల్లెట్‌కి డేటా ఉన్న మూడు నాలుగు పౌడర్లు ముందే గుర్తించి ఫోన్‌లో రాసుకోండి: టైట్‌గ్రూప్, బుల్‌సై, ఎన్320, 231 ఇలా. షాపులో ఏది కనిపిస్తే అది తీసుకోవచ్చు. హాడ్జ్‌డన్, విటావోరి తమ డేటా ఉచితంగానే ఇస్తున్నాయి. టైట్‌గ్రూప్ లాంటి చిక్కటి పౌడర్ 9 ఎంఎం కేసులో చాలా కొంచెం జాగాయే తీసుకుంటుంది, పొరపాటున రెండుసార్లు పడినా పైకి పొంగదు. ప్రతి కేసులోకి లైట్ వేసి కళ్లతో చూశాకే బుల్లెట్ పెట్టండి.

బరువైన బుల్లెట్‌కి మారితే పౌడర్ కూడా మిగులుతుంది. మ్యాచ్‌లో తూటా బలాన్ని కొలిచే పవర్ ఫ్యాక్టర్ అంటే బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగించడం. తక్కువ బలం తరగతి అయిన మైనర్‌కి కనీసం 125 ఉండాలి. 115 గ్రెయిన్ల బుల్లెట్‌తో 130 రావాలంటే 1,130 అడుగుల వేగం కావాలి, 147తో 885 చాలు. ఆ తక్కువ వేగానికి పౌడర్ తక్కువ పడుతుంది. మారిన ప్రతిసారీ బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద చూసుకోండి. పెద్ద మ్యాచ్‌లో 125 కన్నా తగ్గితే స్కోరే ఇవ్వరు, కాబట్టి 128, 130 దగ్గర ఉంచుకోండి.

కేసులు, బుల్లెట్లు

9 ఎంఎం కేసు చాలాసార్లు పనికొస్తుంది. మ్యాచ్‌లో ఏరుకోనిస్తారో లేదో ముందే అడగండి. పెద్ద మ్యాచ్‌లు కొన్నిటిలో ఏరుకోనివ్వరు, అలాంటి వాటికి పాత కేసులతో చేసినవి పట్టుకెళ్లండి. ఇంటికి తెచ్చాక వేరుచేసే పని ఓపిగ్గా చేయాలి. అయస్కాంతం తిప్పితే ఇత్తడి పూత వేసిన ఉక్కు కేసులు అంటుకుంటాయి. .380 కేసు 9 ఎంఎంలో కలిసిపోయి పొట్టిగా దొరుకుతుంది. అడుగున వలయంలో ప్లస్ గుర్తుంటే నేటో కేసు, ప్రైమర్ గూడు చుట్టూ నొక్కి ఉంటుంది, దాన్ని స్వేజ్ చేయకపోతే, అంటే ఆ నొక్కుని పనిముట్టుతో సరిచేయకపోతే, కొత్త ప్రైమర్ నలుగుతుంది. కొన్ని కేసుల లోపల మెట్టు ఉంటుంది, జాగా తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, అవి చెత్తలోకే. వాడిన కేసుల దుమ్ములో సీసం ఉంటుంది. శుభ్రం చేసే పని వంటింట్లో వద్దు, పిల్లలున్న గదిలో వద్దు, అయ్యాక సబ్బుతో చేతులు కడగండి.

బుల్లెట్లకి ఇబ్బంది తక్కువ. రాగి తొడుగున్న జాకెటెడ్ లేకపోతే పాలిమర్ కోటింగ్ వేసిన సీసపు బుల్లెట్లు చూడండి. చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి, వాటికి హాజ్‌మ్యాట్ కూడా లేదు. మీ గన్ బ్యారెల్ తయారీదారు సీసం వద్దన్నాడేమో ఒకసారి చూసుకోండి.

ఉన్నవాటితో ఎక్కువ రోజులు

డ్రా (గన్ బయటికి తీయడం), రీలోడ్ (మ్యాగజైన్ మార్చడం), ట్రాన్సిషన్ (ఒక టార్గెట్ నుంచి ఇంకోదానికి మారడం) ఇవన్నీ ఇంట్లో ఖాళీ గన్‌తో ప్రాక్టీస్ చేసుకోవచ్చు. ఆ గదిలో మందుగుండు అసలు ఉండకూడదు. ప్రైమర్లు తక్కువగా ఉన్న నెలల్లో లైవ్ ప్రాక్టీస్ రికాయిల్, దూరపు షాట్ల వరకే ఉంచండి. స్టీల్ ఛాలెంజ్ అనే ఉక్కు టార్గెట్ల పోటీలో .22 డివిజన్లున్నాయి. .22 దొరికితే సీజన్ సగం దానితోనే గడపొచ్చు. 2013లో .22 కూడా దొరకలేదు, దాన్ని నమ్ముకుని పూర్తిగా కూర్చోవద్దు.

దాచడం

ప్రైమర్లు, పౌడర్ రెండూ అసలు డబ్బాల్లోనే, వేర్వేరు అలమారాల్లో, చల్లగా పొడిగా ఉన్నచోట తాళం వేసి పెట్టండి. టెక్సస్, అరిజోనా ఎండల్లో గ్యారేజ్ పనికిరాదు, ఇంటి లోపలి క్లోజెట్ మేలు. పౌడర్ డబ్బా తెరిచినప్పుడు ఘాటైన పుల్లటి వాసన వచ్చినా, ఎర్రటి దుమ్ము కనిపించినా అది పాడైపోతోందని అర్థం, వాడకండి. తూటాలు లోడ్ చేసే యంత్రం (ప్రెస్) దగ్గర ఒకేసారి ఒక పౌడర్ డబ్బా మాత్రమే ఉండాలి. పని అయ్యాక మిగిలింది దాని డబ్బాలోకే తిరిగి పోయాలి.

ప్రతి పెట్టె మీద కొన్న నెల, ధర మార్కర్‌తో రాయండి. పాతది ముందు వాడండి. ధరలు మామూలుగా ఉన్న రోజుల్లో ఒక పెట్టె తెరిచిన వారంలోనే దాని జాగాలోకి ఇంకో పెట్టె కొనండి.